శరీరం జ్వరానికి అలవాటు పడుతుందా?



బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లిన ప్రతి తెలుగింట్లోనూ మొదటి నెలలో వినిపించే మాట ఒకటుంది: “ఇక్కడి నీళ్లు ఇంకా పడలేదు.” పిల్లవాడికి కడుపునొప్పి వస్తే నీళ్లు పడలేదంటారు. జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా అదే మాట. ఆ వెంటనే ఇంట్లో పెద్దవారెవరో ధైర్యం చెబుతారు: “నాలుగు నెలలు పోనీ, అదే అలవాటవుతుంది.” జగదల్‌పూర్‌లో ఉన్నా, కిరందూల్‌లో ఉన్నా, దంతెవాడలో ఉన్నా మీరందరూ ఈ రెండు మాటలూ వినే ఉంటారు.

అలవాటయ్యేది ఎవరికి? మనసుకా, నాలుకకా, లేక ఒంట్లోని కణాలకా? కణాలకు కూడా అలవాటు అనేది ఉంటుందా? ఉంటుందనే శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ అలవాటు ఎలా ఏర్పడుతుందో, దానివల్ల మేలెంతో కీడెంతో తెలుసుకోవడం బస్తర్‌లో ఉంటున్న మనకు చాలా అవసరం. ఎందుకో ముందు చూద్దాం.

బస్తర్ వేసిన ప్రశ్న

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు కొండలు, వాగులు దాటి ఊరూరా తిరిగి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరికీ వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేశారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందికి పరీక్షలు జరిగాయి. 64 వేల మందికి పైగా మలేరియా ఉన్నట్టు తేలింది. అంతకంటే ఆశ్చర్యకరమైన విషయం ఇంకొకటి ఉంది. అలా తేలినవారిలో సగానికి పైగా జనానికి జ్వరం లేదు, చలి లేదు, తలనొప్పి కూడా లేదు. వారు పొలం పనులు చేసుకుంటూ, బడికి వెళుతూ, సంతలో సరుకు అమ్ముకుంటూ కనిపించినవారే.

అదే పరాన్నజీవి మైదాన ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవారి రక్తంలో చేరితే మూడు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు పుడుతుంది. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చు. దోమ అదే, పరాన్నజీవి అదే. మరి ఒకరు మంచం పడతారు, ఇంకొకరు తిరుగుతూనే ఉంటారు. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబులో ఒక ముఖ్యమైన భాగం మలేరియా కంటే ముందు బాక్టీరియా విషాల మీద జరిగిన పరిశోధనల్లో దొరికింది. కాబట్టి మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

చచ్చినా విడవని విషం

1892లో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త కలరా బాక్టీరియా మీద పని చేస్తున్నాడు. బాక్టీరియాను వేడి చేసి చంపి, చచ్చిన బాక్టీరియానే గినీ పందులకు ఎక్కించి చూశాడు. అవి చనిపోయాయి. అంటే విషం బాక్టీరియా బతికుండగా బయటికి వదిలేది మాత్రమే కాదు, దాని శరీరంలోనే భాగంగా ఉండేది కూడా ఉందన్నమాట. అది వేడికి కూడా చెడదు. ఈ లోపలి విషానికి ఆయన ‘ఎండోటాక్సిన్’ అని పేరు పెట్టాడు.

ఈ రోజు దాని పూర్తి రూపం మనకు తెలుసు. టైఫాయిడ్, కలరా, రక్త విరేచనాలు, ప్లేగు కలిగించే బాక్టీరియాలకు, మన పేగుల్లో ఉండే ఇ.కోలికి ఒక బయటి పొర ఉంటుంది. ఆ పొర పైభాగంలో దాదాపు ముప్పాతిక వంతు లైపోపాలీశాకరైడ్ అనే పదార్థమే. పేరు పొడుగు కాబట్టి ఎల్‌పీఎస్ అని పిలుద్దాం. ఒక్క బాక్టీరియా మీద ఇలాంటి అణువులు సుమారు పది లక్షలు ఉంటాయి. పొరలో పాతుకుని ఉండే దాని కొవ్వు భాగం పేరు లిపిడ్-ఎ. అసలు విషం అదే.

నిజానికి ‘విషం’ అనే మాట కూడా పూర్తిగా సరికాదు. పాము విషం తానే కణాలను చంపుతుంది. ఎల్‌పీఎస్ నేరుగా ఎవరినీ అంతగా గాయపరచదు. దాన్ని చూసి మన కణాలు చేసే హడావుడే మనల్ని మంచాన పడేస్తుంది. ఆ హడావుడి ఎంత తీవ్రమో ఒక లెక్క చూడండి. ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోగ్రాము. ఆరోగ్యంగా ఉన్న స్వచ్ఛంద సేవకులకు, వైద్యుల పర్యవేక్షణలో, శరీరం బరువులో కిలోకు రెండు నానోగ్రాముల ఎల్‌పీఎస్ రక్తంలోకి ఎక్కిస్తే చాలు. గంట, రెండు గంటల్లో చలి, వణుకు, తలనొప్పి, జ్వరం అన్నీ వస్తాయి. కొన్ని గంటల తర్వాత తగ్గిపోతాయి.

కణంలో కబురు ఎలా నడుస్తుంది?

మన రక్తంలో మోనోసైట్‌లు, అవయవాల్లో మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్తకణ జాతి కాపలాదారులు ఉంటాయి. ఇవి బాక్టీరియాను మింగి జీర్ణం చేసుకోగలవు. వాటి పైపొర మీద ఎల్‌పీఎస్‌ను గుర్తుపట్టే గ్రాహకం ఒకటుంది. దాని పేరు టీఎల్‌ఆర్-4.

ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన కథ బాగుంటుంది. ఎల్‌పీఎస్ ఎంత ఎక్కించినా ఏమీ కాని ఎలుకల జాతి ఒకటి ప్రయోగశాలల్లో ఉండేది. వాటి జన్యువుల్లో లోపం ఎక్కడుందో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందం ఏళ్ల తరబడి వెతికి, 1998లో అది టీఎల్‌ఆర్-4 జన్యువులోనే ఉందని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందు ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో ఇలాంటి ‘టోల్’ జన్యువే రోగనిరోధకానికి కీలకమని చూపింది. 2011లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడాది బహుమతిలో మిగతా సగం రాల్ఫ్ స్టైన్‌మన్‌ది.

ఆ ఎలుకల గురించి ఇంకో మాట గుర్తుంచుకోండి. ఎల్‌పీఎస్‌కు చలించని ఆ ఎలుకలు అదృష్టవంతులని అనుకుంటాం. కానీ బతికున్న సాల్మొనెల్లా బాక్టీరియా సోకితే అవే మామూలు ఎలుకల కంటే త్వరగా చనిపోతాయి. దొంగ వచ్చిన చప్పుడే వినబడకపోతే ఇంటిని కాపాడేదెవరు? ఈ సంగతి మనకు చివర్లో పనికొస్తుంది.

ఇక కబురు నడిచే దారి చూద్దాం. క్రీడా దినోత్సవం రోజు రిలే పరుగు చూసే ఉంటారు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి కర్ర మారుతూ గమ్యం చేరుతుంది. కణంలోనూ అంతే. ఎల్‌పీఎస్ తగలగానే టీఎల్‌ఆర్-4 రెండేసి జత కడుతుంది. లోపలి వైపు మైడ్-88 అనే ప్రోటీన్ దానికి అతుక్కుంటుంది. అది ఐరాక్-4, ఐరాక్-1 అనే ఎంజైములను పిలుస్తుంది. వాటి నుంచి కబురు ట్రాఫ్-6కి, అక్కడి నుంచి మరికొన్ని ఎంజైములకు చేరుతుంది.

చివరి పరుగు ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ది. మామూలు వేళల్లో దాన్ని ఇంకో ప్రోటీన్ గట్టిగా పట్టుకుని కేంద్రకం బయటే ఆపి ఉంచుతుంది. కబురు అందగానే ఆ పట్టు తెగిపోతుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి దూరి, డీఎన్‌ఏ మీద కూర్చుని, వందలాది జన్యువులను పని చేయిస్తుంది. వాటి నుంచి టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 వంటి సంకేత ప్రోటీన్లు తయారై రక్తంలో కలుస్తాయి. ఇవే మెదడుకు చేరి జ్వరం తెప్పిస్తాయి, ఆకలి చంపేస్తాయి, కీళ్లు నొప్పి పెట్టిస్తాయి. రక్తనాళాలను వదులు చేసి మిగతా కాపలాదారులు గాయం దగ్గరికి చేరేలా చేస్తాయి. జ్వరమనేది శత్రువు ఇచ్చేది కాదు, మన సైన్యం ఊదే బూర.

కుందేళ్లు చెప్పిన సంగతి

బూర రోజూ ఊదవలసి వస్తే ఏమవుతుంది? అమెరికాలో పాల్ బీసన్ అనే వైద్యుడు 1940లలో ఈ విషయాన్ని కుందేళ్ల మీద శ్రద్ధగా పరీక్షించాడు. చంపిన టైఫాయిడ్ బాక్టీరియాతో చేసిన టీకా మందును కుందేళ్ల రక్తంలోకి రోజూ ఒకే మోతాదులో ఎక్కించాడు. మొదటి రోజు తీవ్రమైన జ్వరం వచ్చింది. రోజులు గడిచేకొద్దీ అదే మోతాదుకు జ్వరం తగ్గుతూ వచ్చింది. కొన్నాళ్లకు కొద్దిపాటి వెచ్చదనమే మిగిలింది.

ఇది మనం పాఠంలో చదివే టీకా జ్ఞాపకం కాదా అని మీరు అడగవచ్చు. కాదు. టీకా జ్ఞాపకం ఒక్కో క్రిమికి ఒక్కో రకంగా ఉంటుంది. టైఫాయిడ్ టీకా కలరాను ఆపదు. కానీ బీసన్ కుందేళ్లు ఒక బాక్టీరియా విషానికి అలవాటు పడ్డాక వేరే బాక్టీరియాల విషానికి కూడా తక్కువగానే స్పందించాయి. పైగా ప్రతిదేహాలు తయారవడానికి చాలా రోజులు కావాలి. ఈ అలవాటు అంతకంటే ముందే మొదలవుతుంది. దీనికి ‘ఎండోటాక్సిన్ సహనం’ అని పేరు వచ్చింది.

మనుషుల్లోనూ ఇదే కనబడింది. టైఫాయిడ్ నుంచి కోలుకుంటున్నవారికి, మలేరియా నుంచి కోలుకుంటున్నవారికి బాక్టీరియా విషం కొద్దిగా ఎక్కిస్తే, మామూలు మనుషులకు వచ్చినంత జ్వరం రాలేదని 1949, 1950 సంవత్సరాల్లో అమెరికా వైద్యులు ప్రకటించారు. చూశారా, మలేరియా ఇక్కడే మన కథలోకి వచ్చేసింది. ఈ మధ్య కాలంలో నెదర్లాండ్స్‌లో స్వచ్ఛంద సేవకులకు వరుసగా ఐదు రోజులు ఎల్‌పీఎస్ ఇచ్చి చూశారు. ఐదో రోజుకు వారి రక్తంలో టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 మొదటి రోజుతో పోలిస్తే బాగా తగ్గిపోయాయి.

అదంతా శరీరం మొత్తం చేసే పని కావచ్చు కదా? అందుకే శాస్త్రవేత్తలు మాక్రోఫేజ్‌లను విడిగా గాజు పళ్లెంలో పెంచి కూడా చూశారు. ఒకరోజు ముందు కొద్దిగా ఎల్‌పీఎస్ తగిలిన కణాలు, మరునాడు ఎక్కువ మోతాదు తగిలినా మునుపటిలా టీఎన్‌ఎఫ్ విడుదల చేయలేదు. అంటే అలవాటు ఆ కణంలోనే ఉంది.

రెండోసారి లోపల ఏం మారుతుంది?

రిలే పరుగులో కర్ర గమ్యం చేరకుండా ఆపాలంటే ఎన్ని మార్గాలున్నాయో ఆలోచించండి. పరుగెత్తేవారిని తగ్గించవచ్చు, వారి స్థానంలో పరుగెత్తని వారిని నిలబెట్టవచ్చు, చేతిలోని కర్రను లాగేసుకోవచ్చు, చివరికి గమ్యం దగ్గర గేటే మూసేయవచ్చు. కణం ఈ నాలుగూ చేస్తుంది.

మొదటిది: ఐరాక్-1 పరిమాణం తగ్గిపోతుంది. కబురు అందుకునే చేతులే తక్కువవుతాయి. దీనికి ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా తోడ్పడుతుంది. దాని పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ-146. ఎల్‌పీఎస్ కబురు వల్లే అది తయారవుతుంది, తయారై ఐరాక్-1, ట్రాఫ్-6 ఉత్పత్తిని అణిచివేస్తుంది. 2006లో అమెరికాలో డేవిడ్ బాల్టిమోర్ బృందం దీన్ని బయటపెట్టింది.

రెండోది: ఐరాక్-ఎం అనే ప్రోటీన్ పెరుగుతుంది. చూడటానికి ఇది ఐరాక్ కుటుంబంలోనిదే, కానీ కబురును ముందుకు పోనివ్వదు. 2002లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రోటీన్ లేని ఎలుకలను పెంచి చూస్తే, వాటి కణాలకు ఎల్‌పీఎస్ సహనం సరిగా ఏర్పడలేదు. వాపు కూడా విపరీతంగా వచ్చింది.

మూడోది: ఎ-20 అనే ఎంజైము. ట్రాఫ్-6 వంటి ప్రోటీన్ల మీద కబురు నడవడానికి అంటుకునే గుర్తులను ఇది కోసేస్తుంది. చేతిలోని కర్రను లాగేసుకోవడమంటే ఇదే.

నాలుగోది కేంద్రకంలో జరుగుతుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి మామూలుగా రెండు వేరు వేరు ముక్కల జత. అందులో పి-65 అనే ముక్కకే జన్యువును పని చేయించే శక్తి ఉంది. పి-50కి ఆ శక్తి లేదు. సహనం వచ్చిన కణాల్లో రెండు పి-50లు కలిసి జతకట్టి జన్యువు ముందు కూర్చుంటాయి. కుర్చీ నిండిపోయింది, పని మాత్రం జరగదు. దీనికి తోడు ఆ జన్యువులు ఉన్నచోట డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది రసాయన గుర్తులు మారి, ఆ భాగం ముడుచుకుపోతుంది.

వీటికి తోడు ఐఎల్-10 అనే ఇంకో సంకేత ప్రోటీన్ విడుదల పెరిగి చుట్టుపక్కల కణాలను కూడా శాంతపరుస్తుంది.

నోరు తగ్గింది, చెయ్యి ఆగలేదు

ఇంతవరకు చదివితే సహనమంటే కణం నిద్రపోవడమే అనిపిస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ దాదాపు అలాగే అనుకున్నారు. 2007లో యేల్ విశ్వవిద్యాలయంలో రుస్లాన్ మెడ్జిటోవ్ బృందం ఒక సంగతి చూపించి ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఎల్‌పీఎస్‌కు స్పందించే జన్యువులన్నీ రెండోసారి మూతపడటం లేదు. టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 వంటి వాపు పెంచే జన్యువులు మూతపడ్డాయి. బాక్టీరియాను నేరుగా చంపే ప్రోటీన్ల జన్యువుల్లో చాలావరకు తెరిచే ఉన్నాయి. కొన్ని రెండోసారి ఇంకా బాగా పని చేశాయి.

ఒకే గ్రాహకం నుంచి ఒకే దారిలో వచ్చిన కబురుకు కొన్ని జన్యువులు పలకడం, కొన్ని పలకకపోవడం ఎలా సాధ్యం? హిస్టోన్ గుర్తుల వల్ల. ఒక్కో జన్యువుకు విడివిడిగా తాళం వేసి తీసే ఏర్పాటు అది. కొత్తగా చేరిన కాపలాదారు చీమ చిటుక్కుమన్నా ఊరంతా లేపుతాడు. అనుభవం వచ్చినవాడు ఊరిని నిద్ర లేపకుండానే కర్ర పట్టుకుని వెళ్లి చూసి వస్తాడు. మన పేగుల్లోనూ కోట్ల కోట్ల బాక్టీరియా ఉన్నాయి. అక్కడి మాక్రోఫేజ్‌లు ప్రతి ఎల్‌పీఎస్ అణువుకూ బూర ఊదితే మనకు జ్వరం లేని రోజే ఉండదు.

పశువుల కొట్టం చేసే మేలు

ఈ సర్దుబాటు ఎంత మేలు చేస్తుందో చెప్పే పరిశోధన ఒకటుంది. అమెరికాలో ఆమిష్, హుటరైట్ అని రెండు రైతు సమాజాలు ఉన్నాయి. రెండూ యూరప్ నుంచి వలస వచ్చినవే, జన్యుపరంగా దగ్గరివే, తిండి అలవాట్లూ దగ్గరివే. ఆమిష్‌లు గుర్రాలతో, ఇంటి పక్కనే పశువులతో పాతకాలపు సేద్యం చేస్తారు. హుటరైట్‌లు ఇళ్లకు దూరంగా యంత్రాలతో సేద్యం చేస్తారు. 2016లో వెలువడిన పరిశోధనలో ఆమిష్ బడి పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హుటరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్లలోని దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. అంతకు ముందు ఏడాది బెల్జియం శాస్త్రవేత్తలు, కొద్దికొద్దిగా చాలాకాలం ఎల్‌పీఎస్ పీల్చిన ఎలుకలకు దుమ్ము అలర్జీ రాలేదని, దానికి ఊపిరితిత్తుల పైపొర కణాల్లోని ఎ-20 ఎంజైమే కారణమని చూపారు. మనం పైన చెప్పుకున్న ఎ-20నే ఇది.

ఇది చదివి మురికి నీళ్లు తాగితే బలం వస్తుందనుకోకండి. కొట్టంలో దుమ్ము పీల్చడం వేరు, టైఫాయిడ్ బాక్టీరియా ఉన్న నీళ్లు తాగడం వేరు. దుమ్ములోని ఎల్‌పీఎస్ చచ్చిన ముక్క. నీటిలోని సాల్మొనెల్లా బతికి, పెరిగి, పేగుకు చిల్లు పెట్టగలదు. కొత్త ఊరి నీళ్లు ‘పడేదాకా’ ఆగడం కంటే కాచి చల్లార్చి తాగడమే తెలివైన పని.

అలవాటు ముదిరితే

‘నాన్నా పులి’ కథ మీకందరికీ తెలుసు. ఉత్తుత్తి కేకలు విని విని విసిగిన నాన్న, నిజంగా పులి వచ్చినప్పుడు రాలేదు. కణాలకూ ఆ ప్రమాదం ఉంది.

బాక్టీరియా రక్తంలో చేరి ఒళ్లంతా వ్యాపించి, శరీరం స్పందన అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, సుమారు 1 కోటి 10 లక్షల మంది మరణించారని అంచనా. మొదటి రోజుల్లో టీఎన్‌ఎఫ్ వంటివి వరదలా వచ్చి రక్తపోటు పడిపోవడం ఒక ప్రమాదం. దాన్ని దాటినవారిలో చాలామందికి రెండో ప్రమాదం కాచుకుని ఉంటుంది. వారి మోనోసైట్‌లు ఎల్‌పీఎస్‌ను చూసినా పెద్దగా పలకవు. ఆ సమయంలో వేరే సూక్ష్మజీవులు, మామూలుగా మనల్ని ఏమీ చేయలేనివి కూడా, లోపలికి దూరి చంపేయగలవు. సాల్మొనెల్లాకు త్వరగా చనిపోయిన ఆ ఎలుకలు ఇప్పుడు గుర్తొచ్చాయి కదా. ఇలా మూగబోయిన కణాలకు మళ్లీ గొంతు తెప్పించే మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి.

మళ్లీ బస్తర్‌కు

మలేరియాను కలిగించేది బాక్టీరియా కాదు, ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి. అది దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది మన సికింద్రాబాద్‌లోనే. ప్లాస్మోడియానికి ఎల్‌పీఎస్ ఉండదు. కానీ అది ఎర్రరక్తకణాలను పగలగొట్టి బయటికి వచ్చినప్పుడల్లా కొన్ని పదార్థాలు రక్తంలో పడతాయి. మాక్రోఫేజ్‌లు వాటిని వేరే గ్రాహకాలతో గుర్తుపట్టి, చివరికి ఇదే ఎన్‌ఎఫ్-కప్పా-బి దారిలో ఇవే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 విడుదల చేస్తాయి. చలిజ్వరం అలా వస్తుంది.

ఏటా మలేరియా సోకే చోట పెరిగినవారిలో రెండు మార్పులు జరుగుతాయి. ఒకటి, పరాన్నజీవుల సంఖ్యను అదుపులో ఉంచే ప్రతిదేహాలు ఏర్పడతాయి. రెండు, కాపలా కణాలు గొంతు తగ్గించుకుంటాయి. ఆఫ్రికాలోని మాలి దేశంలో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. అక్కడి పెద్దవారి మోనోసైట్‌లకు మలేరియా సోకిన ఎర్రరక్తకణాలు చూపిస్తే, పిల్లల మోనోసైట్‌ల కంటే తక్కువ టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 వచ్చాయి. హిస్టోన్ గుర్తుల్లోనూ తేడాలు కనిపించాయి. బస్తర్ పల్లెల్లో మలేరియా ఉండీ జ్వరం లేని మనుషులను అర్థం చేసుకోవడానికి ఈ రెండు మార్పులూ ఉపయోగపడతాయి.

ఇక్కడే మన చుట్టూ వినబడే ఒక మాట గురించి చెప్పాలి. “వాళ్లకు అలవాటే, ఏమీ కాదు” అని కొందరు పల్లె పిల్లల గురించి తేలిగ్గా అంటుంటారు. అది తప్పు. జ్వరం లేదంటే నష్టం లేదని కాదు. పరాన్నజీవి లోపల ఎర్రరక్తకణాలను తింటూనే ఉంటుంది. రక్తహీనత వస్తుంది. ఆ పిల్లవాడు తరగతిలో నీరసంగా కూర్చుంటే బద్ధకం అనుకుంటారు. ఈ సహనం చిన్నపిల్లల్లో ఇంకా ఏర్పడి ఉండదు, గర్భిణులనూ పూర్తిగా కాపాడదు. మలేరియా వచ్చిన పిల్లలకు సాల్మొనెల్లా బాక్టీరియా రక్తంలోకి చేరే ప్రమాదం ఎక్కువని ఆఫ్రికాలో వైద్యులు గమనించారు. ఒక శత్రువుకు అలవాటు పడటం ఇంకో శత్రువుకు తలుపు తీసినట్టవుతుంది.

ఇంకో సంగతి. జ్వరం లేని మనిషి మందు తీసుకోడు. అతన్ని కుట్టిన దోమ మాత్రం పరాన్నజీవిని ఇంకొకరికి చేరుస్తుంది. ఏటా సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి ఎందరో మిర్చి కోతలకు ఖమ్మం, భద్రాచలం వైపు వెళతారు. వేసవి సెలవులకు మనం కిరందూల్ రైలెక్కి విశాఖ వెళతాం. మనుషులతో పాటు పరాన్నజీవీ ప్రయాణం చేస్తుంది. అందుకే జ్వరం లేనివారిని కూడా పరీక్షించే కార్యక్రమం పెట్టారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘మితానిన్’ అని పిలిచే ఆరోగ్య కార్యకర్తలు, అంటే స్నేహితురాళ్లు, ఇంటికి వచ్చి తమ ఎదుటే మాత్ర మింగమనడం అందుకే.

మనం చేయవలసింది

బదిలీ కుటుంబాల పిల్లలమైన మీకు ఈ కథలో రెండు పాత్రలు ఉన్నాయి. మొదట మీరు కొత్తవారు. మీ కణాలు ఈ పరాన్నజీవిని ఎన్నడూ చూడలేదు కాబట్టి గట్టిగా కేకలు పెడతాయి. జ్వరం వస్తే “నీళ్లు పడలేదులే” అని ఊరుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. అది బూర ఆపుతుంది గానీ పులిని కాదు. బస్తర్‌లో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం మలేరియా ఆలస్యం చేస్తే మెదడు దాకా పోగలదు.

కొన్నేళ్లు ఇక్కడే ఉంటే మీరే పాతవారవుతారు. అప్పుడు “మాకు అలవాటైపోయింది” అనే ధీమా వస్తుంది. ఆ ధీమా వద్దు. పైగా ఈ సహనం శాశ్వతం కాదు. మలేరియా లేని ఊరికి వెళ్లి కొన్నాళ్లు ఉంటే అది తగ్గిపోతుంది. బదిలీ అయి వెళ్లి మళ్లీ వచ్చినవారు, చదువుకు బయటికి వెళ్లి సెలవుల్లో వచ్చినవారు తిరిగి కొత్తవారితో సమానమే.

కాబట్టి ఎవరైనా సరే దోమతెరలోనే పడుకోండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవనివ్వకండి. పరీక్ష బృందం వస్తే జ్వరం లేకపోయినా వేలు చాపండి. మలేరియా అని తేలితే, ఒళ్లు తేలికపడినా సరే, చెప్పినన్ని రోజులూ మాత్రలు వేసుకోండి. వైవాక్స్ రకానికి ఒక మందు పద్నాలుగు రోజులు వాడవలసి ఉంటుంది. నాలుగో రోజుకే బాగుందని మానేస్తే కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి కొన్ని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. మీ పక్క బెంచీలోని పల్లె స్నేహితుడికి పాజిటివ్ వచ్చి, “నాకేం కాలేదు, మందెందుకు?” అంటే, జ్వరం లేకపోవడానికీ జబ్బు లేకపోవడానికీ తేడా ఏమిటో అతనికి హల్బీలోనో, గోండీలోనో, హిందీలోనో మీకు వచ్చినంతలో చెప్పండి. ఈ వ్యాసంలోని ఎంజైముల పేర్లు మరిచిపోయినా పరవాలేదు, ఆ ఒక్క తేడా గుర్తుంటే చాలు.